నడిచి వచ్చిన బెఫానా

మా మనవరాలికి అక్షరాలు దిద్దించిన ఇటలీ టీచరమ్మ పోయిన మంగళవారం నిద్రలోనే కన్నుమూశారు. పొద్దున్నే మా కోడలు ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "అత్తా, మాయెస్త్రా ఇంక లేరంట" అంది. మా ఆవిడ పాలు దించి పొయ్యి ఆర్పేసింది. ఆ పూట మళ్ళీ వెలిగించలేదు. సొంత మనిషి పోతేనే మా ఇంట్లో అలా చేస్తాం.

మాయెస్త్రా అంటే ఇటలీ భాషలో టీచరమ్మ. పిల్లలూ, వాళ్ళ తల్లిదండ్రులూ, వీధి చివర కాఫీ కొట్టాయనా అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. పెనాంగ్ మనిషిని పెళ్ళి చేసుకుని మా జార్జ్ టౌన్ వచ్చారట. ఆయన పోయాక కూడా ఊరు విడిచి వెళ్ళలేదు. ఇంటి ముందు హాలులోనే చిన్న పిల్లల బడి నడిపారు. ఇంగ్లీషు, మలయ్ అన్ని బడుల్లాగే చెప్పేవారు. వాటితో పాటు తన భాష, తన ఊరి పండుగలు కూడా.

నేను కొట్లకు లెక్కలు రాసే మనిషిని. ఆమె గురించి రాయడానికి నాకంటే తగినవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ ఆమె మా ఇంటికి చేసిన మేలు బయటివాళ్ళకు తెలియదు. అందుకని రాస్తున్నాను.

పిల్లను ఆ బడిలో వేయడం మా ఆవిడకు ఇష్టం లేదు. ఆమె సుంగై సుమున్ ఎస్టేటులో పుట్టింది. అక్కడి తెలుగు కూలీల వరుస ఇళ్ళలో పొద్దున లేస్తే తెలుగే. మా మనవరాలికి ఆ తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇంగ్లీషులో వచ్చేది. మా ఆవిడకు ఇంగ్లీషు రాదు. ఒకే ఇంట్లో ఉంటూ మనవరాలితో తలాడించడం తప్ప మాట లేకుండా పోతుందని ఆమె భయం.

"నాను సెప్పింది దానికి తెలుస్తాది. అది సెప్పింది నాకు తెలీదు. ఇప్పుడు మళ్ళీ ఇంకో బాసేటి? గుంట నోట్లో ఉన్న నాలుగు ముక్కలూ పోతాయి" అనేది. ఆ భయం నాకూ ఉంది. పైకి అనలేదు.

బడిలో చేరిన మొదటి వారమే గొడవ వచ్చింది. ఇటలీలో కొత్త సంవత్సరం మొదట్లో బెఫానా అనే ముసలమ్మ చీపురెక్కి ఆకాశంలో వస్తుందట. మంచి పిల్లలకు మిఠాయిలు, అల్లరి పిల్లలకు బొగ్గు ఇచ్చి వెళ్తుందట. ఆ కథ విని ఇంటికొచ్చిన పిల్ల వాకిలి ఊడ్చే ఈనెల చీపురును రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని హాలంతా పరుగులు తీసింది.

"ఓలమ్మో! దిగే! సీపురెక్కుతావేటి? లచ్చిందేవిని తొక్కినట్టే!" అని మా ఆవిడ కేక పెట్టింది. పిల్ల బెదిరి ఏడుపు లంకించుకుంది. సంగతి ఏమిటో కోడలు సర్దిచెప్పబోతే ఇంకా కోపం వచ్చింది. "సీపురెక్కమని నేర్పే బడి మనకొద్దు. రేపట్నించి పంపకండి."

మర్నాడు పిల్లను పంపలేదు. సాయంత్రం మాయెస్త్రాయే వచ్చారు. ఎవరూ చెప్పకుండానే చెప్పులు గుమ్మం బయట విడిచారు. ఇద్దరూ మలయ్‌లో మాట్లాడుకున్నారు. ఇద్దరిదీ బజారు మలయ్యే. నేను తెలుగులో రాస్తున్నాను.

"అక్కా, మా ఊళ్ళో చీపురు బండి లాంటిది. మీ ఇంట్లో దేవత అని నాకు తెలియలేదు."

"ఇప్పుడు తెలిసింది కదా. చీపురెక్కకపోతే మీ ముసలమ్మ ఎలా వస్తుంది?"

మాయెస్త్రా కొంచెం ఆలోచించారు. "నడిచి వస్తుంది."

"ఇటలీ నుంచా?"

"అవును. అందుకే ఈ ఏడు ఇంకా రాలేదు."

మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. నవ్వడం చూసి మాయెస్త్రా అసలు మాట బయటపెట్టారు. "నడిచొచ్చే ముసలమ్మ కావాలి నాకు. మీరు వస్తారా?"

"నాకు మీ భాష రాదు. ఇంగ్లీషు కూడా రాదు."

"రాకపోవడమే మంచిది. పిల్లలకు తెలిసిన భాష మాట్లాడితే పక్కింటి ఆంటీ అని పట్టేస్తారు. మీ భాషే మాట్లాడండి. పోనీ, పిల్లను ఆ ముసలమ్మ వచ్చే రోజుదాకా బడికి పంపండి. తరువాత మీ ఇష్టం."

అలా ఆ ఏడు పెనాంగ్‌కు బెఫానా ఆలస్యంగా వచ్చింది. చీర మీద మాయెస్త్రా నల్ల శాలువా కప్పుకుని, ఈనెల చీపురుతో హాలు ఊడ్చుకుంటూ వచ్చింది. బొగ్గుకు బదులు గూలా మెలాకా, మన నల్ల తాటిబెల్లం లాంటిది, ముక్కలు కొట్టి పెట్టాం. ఆ సంచి మోయడం నా పని.

మా ఆవిడ మొదటి కుర్రాడి ముందు నిలబడి, "ఏరా, అన్నం సరిగ్గా తింతన్నావా? మీయమ్మని ఏడిపించినావా?" అని గదమాయించింది.

పిల్లలంతా నోళ్ళు తెరిచారు. "ఎవరికైనా అర్థమైందా?" అని మాయెస్త్రా అడిగారు. మా మనవరాలి చెయ్యి నెమ్మదిగా లేచింది. ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. కుర్రాడు జవాబిచ్చాడు. పిల్ల దాన్ని ఇంగ్లీషులోనే బెఫానాకు చెప్పబోయింది. మాయెస్త్రా ఆపారు. "ఆవిడకు రాదమ్మా. చాలా దూరం నడిచి వచ్చింది. ఆవిడ మాటలోనే చెప్పు."

పిల్ల శాలువా వంక చూసింది. కిందికి, కాలి మెట్టెల వంక చూసింది.

"ఈడు... తిన్నాడంట. మరి... ఆళ్ళమ్మని... కొంచెం ఏడిపించినాడంట."

"కొంచెమేనా?"

"కొంచెం కొంచెం."

ఆ హాలులో ఆ మాట అర్థమైనవాళ్ళం ముగ్గురమే. నేను గోడ వైపు తిరిగాను. ఆ తరువాత ప్రతి పిల్లకూ బెఫానాతో మాట్లాడాలనే. అందరి మాటా మా పిల్ల నోటి మీదుగానే వెళ్ళాలి.

ఇంటికొచ్చి పిల్ల ఆ కథంతా మామ్మకే చెప్పింది, మామ్మ అక్కడ లేనట్టే. "బెఫానా ఒచ్చినాది మామ్మా. శానా నడిచినాదంట. కాళ్ళు నొప్పులంట."

"అయ్యో పాపం" అంది మా ఆవిడ. బడి మానిపించే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ ఏడాదంతా ఆ బడి వాడుకలు మా ఇంటికి వచ్చాయి. అందరూ కూర్చుని "బువోన్ అపెతీతో", అంటే హాయిగా తినండి, అనేదాకా మా మనవరాలు ఎవరినీ ముద్ద ఎత్తనిచ్చేది కాదు. చివర్లో రొట్టె ముక్కతో పళ్ళెం తుడిచి తినడం చూసి, "అన్నం ఇలువ తెలిసిన ఊరే" అని మా ఆవిడ ఒప్పుకుంది. ఇక్కడివీ అక్కడికి వెళ్ళాయి. పిల్లల వేళ్ళు ముడుస్తూ ఎస్టేటులో ఆడించే ఆట ఆ బడిలో అందరికీ వచ్చు.

మాయెస్త్రాకు కోపం లేదని కాదు. సాయంత్రం నేను పాల కాఫీ తాగుతుంటే, "పొద్దు తిరిగాక కాఫీలో పాలా!" అని నిజంగానే చిరాకు పడేవారు. వాళ్ళ ఊళ్ళో పాల కాఫీ పొద్దున పూటకేనట. ఇన్ని భాషలు చిన్న బుర్రకు బరువు కాదా అని ఒకసారి అడిగాను. "భాషలు సామాను కాదు సార్, చుట్టాలు. ఒకరొస్తే ఇంకొకరు జరిగి చోటిస్తారు. మీరు లేపి పంపేయకుండా ఉంటే చాలు" అన్నారు.

ఆ బడిలో బెఫానా మళ్ళీ ఎన్నడూ చీపురెక్కలేదు. మరుసటి ఏడు హొక్కియన్ మాట్లాడే చైనా ముసలమ్మగా వచ్చింది. ఆ పైయేడు తమిళ పాట్టి, అంటే వాళ్ళ అవ్వ. ప్రతిసారీ ఎవరో ఒక పిల్ల లేచి నిలబడి మిగతావాళ్ళకు చెప్పాల్సి వచ్చేది.

శుక్రవారం చర్చికి వెళ్ళాం. మనవరాలు ఇప్పుడు స్టాండర్డ్ త్రీ. పెట్టెను బయటికి తెస్తుంటే, ఇటలీ నుంచి వచ్చిన ఆమె బంధువులు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. మా ఆవిడ ఉలిక్కిపడింది.

"ఏటిది? సచ్చిపోయిన మనిషికి సప్పట్లేటి?"

నాకూ తెలియదు. మనవరాలు మామ్మ చెవి దగ్గరికి వంగింది. "ఆరి ఊర్లో ఇలాగే సాగనంపుతారంట మామ్మా. మాయెస్త్రాయే సెప్పినారు. నువ్వు బాగా సేసినావు, ఇంక ఎల్లిరా అని."

మా ఆవిడ చేతిసంచి నాకిచ్చింది. ముందు దణ్ణం పెట్టింది. ఆ తరువాత జోడించిన చేతులు విడదీసి, మనవరాలి పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది. పెట్టె ఎక్కించిన కారు వీధి మలుపు తిరిగింది. మిగతావాళ్ళు ఆగిపోయారు. వీళ్ళిద్దరూ ఆగలేదు. ఆ ఎండలో మా ఆవిడ గాజుల చప్పుడు ఒక్కటే వినిపిస్తూ ఉంది.