వేరే కుండలో జావ

వేడి అన్నం అడ్డాకు విస్తరి మీద పడగానే ఒక వాసన లేస్తుంది. ఎండిన ఆకు ఆవిరికి మెత్తబడే వాసన. మొన్న ఆదివారం పెనుబల్లిలో మా సంఘం వార్షికోత్సవానికి ప్రేమ విందు పెట్టారు. ఎక్కడ చూసినా థర్మాకోల్ ప్లేట్లే అయిపోయిన ఈ రోజుల్లో ఎవరో పుణ్యాత్ములు భద్రాచలం నుంచి అడ్డాకు విస్తర్ల కట్టలు తెప్పించారు. చూడగానే ప్రాణం లేచివచ్చింది. అన్నం పడింది, ఆ వాసన తగిలింది, తెరేజమ్మ మేడం గుర్తుకొచ్చింది. సరిగ్గా అప్పుడే పక్కన కూర్చున్న కీర్తన నా మోచేయి తట్టింది.

"అక్కా, ప్రసాదం తినొచ్చా, తినకూడదా? పోయిన వారం మీరు చెప్పింది నాకు సరిగ్గా అర్థం కాలేదు."

"ముద్ద నోట్లో పెట్టుకోనివ్వు తల్లీ," అన్నాను.

కీర్తన ఈమధ్యే వేరే ఊరి నుంచి వచ్చి మా సంఘంలో చేరిన అమ్మాయి. మీసేవలో కంప్యూటర్ ముందు కూర్చునే పని. నేనేమో వృత్తికి హెల్త్ సూపర్‌వైజర్‌ని. ఏ పాపం చేశానో గానీ, ఆరాధన అయ్యాక స్త్రీల సందేహాలు తీర్చే పని కూడా పాస్టరు గారు నా నెత్తిన పెట్టారు. ఇక చూడండి. పక్కింటి గృహప్రవేశానికి వెళ్లొచ్చా? తలలో పూలు పెట్టుకుంటే పాపమా? ఆయుధపూజ రోజు ఆఫీసువాళ్లు నా స్కూటీకి బొట్టు పెట్టారు, కడిగేయాలా, దానంతటదే పోయేదాకా ఆగాలా? దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడా అని అడిగిన మనిషి ఈ నాలుగేళ్లలో ఒక్కరు లేరు. స్కూటీ గురించి మాత్రం ముగ్గురు అడిగారు. కీర్తనది మూడు ఆదివారాలుగా ఒకటే ప్రశ్న. మూడుసార్లూ పౌలు భక్తుడి పత్రికలు తెరిచి అధ్యాయం, వచనం చూపించాను. బుర్ర ఊపుతుంది, వెళ్తుంది, మళ్లీ వస్తుంది. ఒక్కసారి చెబితే తలకెక్కదా అని ఒళ్లు మండిపోయింది. ఈ విసుగు నేను తెరేజమ్మ మేడం దగ్గర నేర్చుకున్నదే. కాకపోతే ఆమె విసుక్కున్నది నా మీద.

నాకు ఇరవైమూడేళ్లప్పుడు భద్రాచలం అవతల, అడవి అంచున ఉన్న ఒక పీహెచ్‌సీలో ఏఎన్ఎం ఉద్యోగం వచ్చింది. మాది మధిర. సండే స్కూల్లో కంఠత వాక్యాల పోటీలో ఏటా నాకే బహుమతి. ఆ గర్వం ట్రంకు పెట్టెకంటే బరువుగా మోసుకుంటూ బస్సు దిగాను. అక్కడ నా పైఅధికారి తెరేజమ్మ మేడం. యాభై ఆరేళ్లుంటాయి. పొట్టి మనిషి, మోకాళ్ల నొప్పులు, గొంతు మాత్రం వాగు అవతలికి వినపడేది. ఆమె క్యాథలిక్కు, మాదేమో బొమ్మలు పెట్టుకోని ప్రొటెస్టెంటు సంఘం. టేబుల్ మీద వ్యాక్సిన్ రిజిస్టర్ల పక్కన జానెడు మరియమాత బొమ్మ ఉండేది. దాన్ని చూసిన మొదటి రోజే నాకు అన్నం సయించలేదు.

"మేడం, మీరు తప్పుగా అనుకోనంటే ఒకటి అడుగుతాను. అది విగ్రహం కదా? మనం పెట్టుకోవచ్చా?" అన్నాను రెండో రోజు.

ఆమె రిజిస్టర్‌లోంచి తల ఎత్తలేదు. "ఐస్ ప్యాకులు సర్దినవా?"

"లేదు మేడం."

"గవ్వి సర్దు పో."

ఆమె దగ్గర ఇదే వరస. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ ఒక పని తగిలేది. మీ బైబిల్లో పుస్తకాలెందుకు ఎక్కువ అని అడిగితే దూది ఉండలు చుట్టించింది. ఆదివారం ఆమె 'గుడికి పోతున్న, పూజ ఉంది' అంటే, 'పూజ అంటారేంటి మేడం, ఆరాధన అనాలి కదా' అన్నాను. ఆ రోజు స్టోర్ రూమంతా ఊడ్చాను. తెలియక దాటవేస్తోందని గట్టిగా నమ్మాను. పాపం, రక్షణ లేని మనిషి అని ఆమె కోసం ప్రార్థన కూడా చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఒకరోజు టేబుల్ తుడుస్తుంటే నా చేయి తగిలి ఆ బొమ్మ కింద పడింది. కుడిచేయి మణికట్టు దగ్గర విరిగింది. హడలిపోయాను. నిజం చెప్పాలంటే, లోపల ఎక్కడో 'ఇప్పుడు బొమ్మ కోసం ఏడుస్తుంది, విగ్రహారాధన అని అప్పుడు దొరికిపోతుంది' అనే దుర్బుద్ధి కూడా ఉంది. ఆమె వచ్చింది, ముక్క ఏరింది, డ్రెస్సింగ్ టేబుల్ మీది ప్లాస్టర్ తెచ్చి కట్టు కట్టింది.

"ఏంది గట్ల చూస్తున్నవ్? బొమ్మ ఇరిగింది. దేవుడు ఇరిగిండా? పని చూస్కో పో."

ఆ వానాకాలం జరిగిన సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మా పరిధిలో వాగు అవతల ఒక కోయగూడెం ఉండేది. గోదావరి నిండితే వాగు నీళ్లు ఎదురుతన్ని దారి మూసేసేవి. ఒక్కోసారి వారం, పది రోజులు. అందుకే నెలలు నిండినవాళ్లను వాగు పొంగకముందే భద్రాచలం దవాఖానకు చేర్చడం మా పని. ఆ ఏడు కాన్పు దగ్గరపడినవాళ్ల డ్యూ లిస్టులో మొదటి పేరు సీత. రెండో కాన్పు. మొదటి కాన్పు ఇంట్లోనే అయి, బిడ్డ దక్కలేదు, నెత్తురు పోయి సీత కూడా చావు తప్పి బయటపడింది. ఒంట్లో రక్తం ఇంకా తక్కువే. ఆమె అత్త జోగమ్మకు దవాఖాన అంటేనే గిట్టదు. తెరేజమ్మ మేడం నాలుగు నెలలు ఆ ఇంటి చుట్టూ తిరిగితే, చివరికి జోగమ్మ "ముత్యాలమ్మ పండుగ చేసి, ఆ రోజే తోలిస్త" అని మాట ఇచ్చింది.

పండుగ రోజు మేడంకు మోకాలు వాచి నడవలేకపోయింది. నన్ను పంపింది. జీపు వాగు ఒడ్డున ఆపి, మోకాలి లోతు నీళ్లలో దాటి వెళ్లాను. సీత సంచి సర్దుకుని సిద్ధంగా ఉంది. జోగమ్మ నా ముందు అడ్డాకు విస్తరి పరిచి, వేడి అన్నం, కోడికూర పెట్టింది.

"అమ్మోరికి పెట్టి తెచ్చిన. తిను బిడ్డా. తిన్నంక మా పిల్లను తోలుకపో."

నా మనసులో కంఠత వాక్యాలన్నీ ఒక్కసారి లేచాయి. రెండు వేళ్లతో విస్తరిని అవతలికి నెట్టాను. "మేము విగ్రహాలకు పెట్టింది తినం. అది పాపం," అన్నాను.

జోగమ్మ వంగి విస్తరి తీసేసింది. కోయభాషలో ఏదో అంది. సీత సంచి పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

"మా ఇంట్ల మెతుకు పాపమైతే మా పిల్ల నీకెందుకు? పో."

నేను బతిమాలనైనా లేదు. జీపులో పాట పాడుకుంటూ వచ్చాను. రాజుగారి భోజనం వద్దన్న దానియేలు నేనే అనుకున్నాను. అదే మాట మేడంకు చెప్పాను కూడా. ఆమె వాచిన మోకాలికి వేడి నీళ్ల కాపడం పెట్టుకుంటోంది. గుడ్డ కింద పడేసింది.

"దానియేలు వద్దన్నడు. అవ్. ఆయన వద్దంటే ఎవరన్న సచ్చిన్రా? ఆ పిల్ల సస్తదే! నెత్తురు లేదని నీ చేతితోనే రాసినవ్ కదనే!"

"పౌలు భక్తుడే చెప్పాడు కదా మేడం. ఇది బలి ఇచ్చిందని ఎవరైనా చెబితే తినొద్దని."

"దాని కింద ఏం రాసి ఉంది?"

నాకు గుర్తు రాలేదు. నేను పోటీ కోసం అంతవరకే కంఠతా పట్టాను.

"నీ మనసు కోసం కాదు, ఆ చెప్పినోళ్ల మనసు కోసమని రాసిండు. జోగక్క మనసు గురించి ఏమన్న ఆలోచన చేసినవా? లే. నడువు జల్దీ."

మధ్యాహ్నం మూడైంది. వాన మొదలైంది. వాగు అప్పటికే తొడల దాకా వచ్చింది. ఆమె ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నా భుజం పట్టుకుని, అడుగడుక్కీ నన్ను తిడుతూనే దాటింది. సిగ్గు లేదా, బుద్ధి లేదా, నీకు సర్టిఫికెట్ ఇచ్చినోడెవడు అని. ఆమె ఆ కోడికూర తిని జోగమ్మను ప్రసన్నం చేసుకుంటుందనీ, నన్నూ తినమంటుందనీ అనుకున్నాను. తినడానికి మనసులో సిద్ధపడ్డాను కూడా. సీత కోసం ఏదైనా తింటాననుకున్నాను.

ఆమె వెళ్లి నులక మంచం మీద కూలబడింది. సీత ఊసే ఎత్తలేదు. "జోగక్కా, ఆకలైతాంది. నా జావ ఏది?" అంది.

జోగమ్మ ముఖం గోడ వైపే ఉంది. అలాగే లేచింది. పొయ్యి వెనక నుంచి ఆకు మూసిన చిన్న కుండ తెచ్చింది. సొరబుర్రతో జొన్నజావ ముంచి మేడం చేతికిచ్చింది. ఇంకో బుర్ర ముంచి నా ముందు ఠపీమని పెట్టింది.

"ప్రతి పండక్కీ అమ్మోరికి చూపకముందే నీకు వేరే కుండల తీసి పెడత. నువ్ తినవని నాకెరికే. ఈ పిల్ల గూడ మీ దేవుని మనిషే అంటివి. ఇద్దరికీ తీసిన. వచ్చినోళ్లకు ముందు పండుగ ఆకు పెట్టుడు మా మర్యాద. వద్దంటే జావ ఇచ్చుడు. అడిగితే ఇయ్యనా? ఒక్క మాట అడగకపాయె. ఆకు నూకె!"

మేడం కూడా తినదు! ముప్పై ఏళ్లుగా ఆ గూడేల్లో తిరుగుతూ ఒక్క పండుగకూ తినలేదు, ఒక్కరినీ నొప్పించలేదు. నా కోసం తీసిపెట్టిన జావ పొయ్యి వెనక ఉండగానే నేను వాళ్ల అన్నాన్ని పాపమని లేచి వచ్చాను. ఏడుపు ఆగలేదు. జావలో కన్నీళ్లు పడ్డాయి.

"ఏడుపు తర్వాత. తాగు. నీళ్లు పెరుగుతున్నయ్," అంది మేడం.

"తప్పైంది, క్షమించమ్మా," అన్నాను జోగమ్మతో.

"నన్నేంది అడుగుడు. పిల్లను మంచిగ చూస్కో," అని లోపలికి కేకేసింది. సీత సంచితో బయటికి వచ్చింది.

నలుగురు మగవాళ్లు సీతను నులక మంచం మీద పడుకోబెట్టి భుజాల మీద వాగు దాటించారు. జోగమ్మ వెంట వచ్చింది. మర్నాడు పొద్దునకల్లా దారి మూసుకుపోయింది, తొమ్మిది రోజులు తెరుచుకోలేదు. మూడో రోజు భద్రాచలం దవాఖానలో సీతకు ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టమైంది, రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఆ రెండు సీసాలూ చుక్క చుక్క దిగుతున్నంతసేపూ నేను ఆ మంచం పక్కనే నిలబడ్డాను. కూర్చోమని ఎవరన్నా కూర్చోలేకపోయాను.

వార్డు బయట మేడం నాతో అన్నది ఇంతే. "ఇగ నుంచి తినొచ్చా, తినకూడదా అని నన్ను అడుగుడు బంద్ చెయ్యి. ముందు ఆ వడ్డించేటామెతోని మాట్లాడు. తర్వాత బైబిల్ తీసి మొత్తం చదువు. సగం చదివి వస్తే మళ్ల స్టోర్ రూమ్ ఊడిపిస్త."

రిటైరైన రోజు ఆమె మరియమాత బొమ్మను నా టేబుల్ మీద పెట్టి వెళ్లింది. "నువ్ మొక్కవని తెల్సు. మొక్కకు. దుమ్ము తుడువు, చాలు," అంది. ఆమె పోయి ఆరేళ్లయింది. చేతికి ప్లాస్టర్ కట్టుతో ఆ బొమ్మ ఇప్పటికీ నా ఆఫీసులో ఉంది. దాని మీద కూడా మా సంఘంలో నాకు సంజాయిషీ నోటీసు ఇచ్చినంత పనైంది. ఒక పెద్దాయనైతే ఆఫీసుకే వచ్చి, విగ్రహం ఎందుకమ్మా అని నిలదీశాడు. ఐస్ ప్యాకులు సర్దుతారా అని అడిగాను. మళ్లీ రాలేదు.

ఇదంతా తలుచుకుంటూ ఎంతసేపు ఉన్నానో, విస్తరిలో అన్నం చల్లారిపోయింది. కీర్తన ఇంకా నా వైపే చూస్తోంది. పౌలు భక్తుడి అధ్యాయం మళ్లీ మొదలుపెట్టబోయి ఆగాను. మూడు ఆదివారాలుగా ఈ పిల్లను అడగని మాట ఒకటుందని అప్పుడు తట్టింది.

"ఇంతకీ ప్రసాదం ఎవరింట్లో పెడుతున్నారు కీర్తనా?"

కీర్తన విస్తరి అంచు పీకుతూ చెప్పింది.

"మా అమ్మ వాళ్లింట్లో అక్కా. నేను బాప్తిస్మం తీసుకున్న దగ్గర్నుంచి మూడేళ్లుగా పండక్కి వెళ్లలేదు. వెళ్తే పెడుతుంది, వద్దంటే ఏడుస్తుందని. ఈ ఏడు పండుగ రేపే."

నన్ను నేనే తిట్టుకున్నాను, అచ్చం తెరేజమ్మ మేడం తిట్లతో. సర్టిఫికెట్ ఇచ్చినోడెవడు! ఒక తల్లి మూడేళ్లుగా గుమ్మం వైపు చూస్తుంటే నేనిక్కడ వచనాల నంబర్లు చెబుతున్నాను.

"నైవేద్యం పెట్టకముందే నాకు వేరే తీసిపెట్టమని మీ అమ్మను ఎప్పుడన్నా అడిగావా?"

"అలా అడగొచ్చా అక్కా?"

"మళ్లీ అడగొచ్చా అంటావేంటే! లే, ఫోన్ చెయ్యి."

ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని టెంటు పక్కకి వెళ్లింది. "అమ్మా, నేనే... రేపు... ముందే కొంచెం నాకు వేరే గిన్నెలో..." అన్నది మాత్రం వినిపించింది. తర్వాత చాలాసేపు ఊ కొట్టింది. తిరిగి వచ్చి నా పక్కన కూర్చుని చున్నీతో ముఖం తుడుచుకుంది.

"ఏమందే?"

"ఎంతమంది వస్తున్నారు, ఎన్ని బియ్యం పొయ్యాలి అని అడిగింది అక్కా."