స్వామి బాణానికి సూరమ్మ ఈక

గద్దలు ఈకలు రాల్చే చోటు సూరమ్మకు తెలిసినంతగా ఆ గద్దలకు కూడా తెలిసి ఉండదు. మొగల్తూరుకు దిగువన, సముద్రపు ఒడ్డున చేపలు ఎండబోసే ఇసుకదిబ్బల మీద ఏడాది పొడుగునా తిరిగి, రాలిన ఈకలు ఏరుకొచ్చేది. పక్షిని కొట్టి పీకిన ఈక ముట్టేది కాదు. స్వామి బాణానికి అంటించేది కదా, దానంతట అది రాలిందే కావాలి. ఆ ఈకల్ని పసుపునీళ్లలో కడిగి, నీడన ఆరబెట్టి, కుడిరెక్కవి ఒక కట్ట, ఎడమరెక్కవి ఒక కట్ట కట్టి కుండలో దాచుకునేది.

రైలు ఇంకా ఆ వైపు రాని రోజులవి. సూరమ్మది తాటిమెరక. ఆ ఊరి కోదండరామస్వామి ఏటా విజయదశమినాడు పల్లకి ఎక్కి, పొలిమేరలోని జమ్మిచెట్టు దాకా వేటకు వెళ్లేవాడు. అక్కడ స్వామి తరఫున అర్చకుడు అయిదు బాణాలు వేసేవాడు. బాణాలు తిన్నగా పోతే ఊరికి మంచిది, ఒక్కటి వంకర పోయినా ఏడాదంతా ఏదో దిగులు అని జనం నమ్మకం.

ఆ బాణాలు చెక్కి రంగులు వెయ్యడం సూరమ్మ భర్త భీమరాజు పని. వాటికి ఈకలు అంటించడం సూరమ్మ పని. కాపురానికి వచ్చిన ఏడే అత్తగారు ఆ పని ఆమె చేతిలో పెట్టింది. నలభై ఏళ్లలో ఒక్క బాణం దారి తప్పలేదంటే మాటలా! భీమరాజు పోయాక ఉలీ కుంచే మరిది పోతురాజు అందుకున్నాడు. ఈకలకు మాత్రం సూరమ్మ చెయ్యే తగలాలని అర్చకుడు పట్టుబట్టాడు.

ఒక ఏడు ఆమె రెండు కళ్లకూ పొర కమ్మింది. గుడి పెత్తనం చూసే భాస్కరం గారికి ఆ కబురు అందింది. శ్రావణంలోనే ఇంటికి వచ్చి మాట తేల్చేశారు.

"చూడు సూరమ్మా, నీ పనితనం గొప్పదే, కాదనను. కానీ గుమ్మం ఎక్కడుందో కనపడని దానివి, స్వామి బాణానికి ఈకేం అంటిస్తావు చెప్పు? ఈసారి అంతా పోతురాజే చేస్తాడు."

"కళ్లతో అంటించే పనైతే మీరన్నది నిజమేనండి" అంది సూరమ్మ.

ఆయన నవ్వి, కండువా దులుపుకుని వెళ్లిపోయారు. పుట్టి బుద్ధెరిగి ఒక ఈకను రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూడని మనిషి, ఆయనకేం తెలుస్తుంది పాపం!

ఆ పూట సూరమ్మ అన్నం ముట్టలేదు. భర్త పోయినప్పుడు కూడా దసరాకు ఈకలు సిద్ధం చెయ్యాలి కదా అనే ఆలోచనే ఆమెను లేపి నిలబెట్టింది. ఇప్పుడు ఆ పని కూడా చేజారితే ఇక పొద్దున్నే ఎందుకు లేవాలో ఆమెకు అంతుపట్టలేదు. అయినా పోతురాజు మొహమాటపడుతూ ఈకలకోసం వస్తే కుండ తెచ్చి అతని ముందు పెట్టింది.

"కట్టలు కలిపెయ్యకు నాయనా" అని మాత్రం అంది.

పోతురాజు చెడ్డవాడేం కాదు. కాకపోతే తన రంగులంటే తనకే మహా ముద్దు. బాణాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్ర లక్కతో మెరిపించి, పసుపు తీగలూ పచ్చ చిలకలూ దింపాడు. కట్టలు రెండూ విప్పి, కంటికి నదురుగా ఉన్న ఈకలన్నీ ఏరి, ఆ మెరుపు మీదే అంటించాడు. ఊరంతా వచ్చి చూసి ఆహా అన్నారు.

అష్టమినాడు తూర్పుగాలి తిరిగి సన్నగా జల్లు మొదలైంది. పొద్దెక్కేసరికి ఈకలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. కాస్త అతుక్కున్నట్టున్న బాణం ఒకటి దొడ్లో వేసి చూస్తే, అది గింగిరాలు తిరుగుతూ పోయి గడ్డిమేటులో పడింది. పోతురాజు అయిదు బాణాలూ తువ్వాలులో చుట్టుకుని వదిన గుమ్మంలో కూలబడ్డాడు.

సూరమ్మ ఒక బాణం తీసుకుని వేళ్లతో తడిమింది.

"కుడిరెక్కదీ ఎడమరెక్కదీ ఒకే బాణానికి పెట్టావు. కాడికి కట్టిన ఎడ్లను చెరోవైపు తోలితే బండి ఎటు పోతుందిరా? మూడు ఈకలూ ఒకే రెక్కవి కావాలి. పైగా లక్క మీద అంటించావు. అంత నున్నగా ఉంటే జిగురు దేన్ని పట్టుకుంటుంది?"

"అన్నయ్య కూడా రంగేసేవాడుగా వదినా?"

"వేసేవాడు. నేను గీకేసేదాన్ని. ప్రతి ఏడూ మా ఇద్దరికీ అదే గొడవ!"

అని నవ్వింది. శ్రావణం తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

ఆల్చిప్ప తీసుకుని, ఈక కూర్చునే మూడు చోట్లా కొయ్య తేలేదాకా సన్నగా గీకింది. చిలకల ముక్కులు రాలుతుంటే పోతురాజు ప్రాణం గిలగిల్లాడింది. చింతగింజలు నానబెట్టి, నూరి, తీగ సాగేదాకా ఉడికించమని అతనికి పురమాయించింది. ఒక్కో ఈకనూ పెదవుల మీద నిమిరి, వంపు ఎటుందో చూసుకుని ఏ రెక్కదో చెప్పేసింది. ఈక నడిమి ఈనె నిలువునా చీల్చి, జిగురు రాసి, కొయ్య మీద ఆనించి, రామనామం పదకొండు సార్లు అనుకునేదాకా బొటనవేలు ఎత్తలేదు. పైన దారం చుట్టి, ఊక కుంపటికి మూరెడు దూరంలో ఆరబెట్టింది. వెంట్రుకవాసి తేడా లేకుండా నాలుగు బాణాలు అలా ముగించి, అయిదోది పోతురాజు చేతిలో పెట్టింది. తన చెంగుతో అతని కళ్లు కప్పింది.

"తెరిచి ఉంటే నీకు రంగు తప్ప ఇంకేం కనపడదు. ఊఁ, కానియ్యి."

రెండు సార్లు తప్పాడు. రెండు సార్లూ పీకించి మళ్లీ పెట్టించింది.

దశమినాడు జమ్మిచెట్టు దగ్గర పల్లకి దిగింది. బాణాలు అర్చకుడికి అందిస్తూ భాస్కరం గారు ఉలిక్కిపడ్డారు.

"ఈకల దగ్గర రంగు గీకేశారేంటి? ఎవరి పనిది?"

"మా వదినదండి" అన్నాడు పోతురాజు, తల వంచుకుని.

ఆయన మొహం ఎర్రబడింది. ఏదో అనబోయేలోగా అర్చకుడు నారి లాగాడు.

సూరమ్మకు చెట్టూ కనపడలేదు, బాణమూ కనపడలేదు. సన్నగా, తెంపు లేకుండా సాగిన చప్పుడు వినపడింది. జనం జేజేలు కొట్టకముందే ఆమెకు తెలిసిపోయింది. రెండు, మూడు, నాలుగు కూడా అలాగే పోయాయి. అయిదోదానికి మాత్రం మరిది మణికట్టు గట్టిగా పట్టుకుంది.

అదీ తిన్నగా పోయింది.

భాస్కరం గారు జనాన్ని తప్పించుకుని ఆమె దగ్గరికి వచ్చారు. కోపం ఎటు పోయిందో, చేతులు జోడించారు.

"తప్పు నాదే సూరమ్మా. కళ్లు లేవని అన్నాను. వచ్చే ఏడు కూడా అయిదూ నీ చేత్తోనే పడాలి."

"నా చేతివి నాలుగేనండి. ఒకటి మా పోతురాజుది."

"అలాగా! నాకు తేడా తెలియలేదే?"

"నాకూ తెలియలేదండి" అంది సూరమ్మ, చెంగుతో కళ్లు తుడుచుకుంటూ.