అవతలి గట్టు జవాబు

పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి మా చెల్లెలి రొట్టెల కొట్టు మూయించింది. రాసినవాడు బడిపంతులు. అచ్చువేసినవాళ్ళు బెజవాడ వాళ్ళే. ఆమె చెయ్యని తప్పు ఆమెకు అంటగట్టి, దానికి ప్రాసలు కట్టి, రంగులు పూసి అమ్మారు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా జనం నవ్వుతారు. "పిల్లల పుస్తకం మీద ఇంత కోపమేంటండీ పెద్దాయనా" అంటారు. ఉంది. ఈ వయసులోనూ ఉంది.

అవి యుద్ధం రోజులు. బందరు కాలవ లాకు దగ్గర మావి రెండు కొట్లు, ఎదురెదురుగా. ఇవతలి గట్టున నా భార్య పెసరట్లు పోసేది. అవతలి గట్టున మా చెల్లెలు మూకుట్లో దిబ్బరొట్టెలు కాల్చేది. మధ్యలో లాకు. పడవ లోపలికొచ్చాక తలుపులు మూసి, తూములెత్తి, నీటి మట్టం కుదిరేదాకా పడవవాళ్ళకు చెయ్యడానికి పని ఉండదు. ఆ కాసేపట్లో వాళ్ళు ఏ గట్టెక్కితే ఆ గట్టుకే బేరం. ఒకపక్క తూముల్లోంచి నీళ్ళు దూకుతూ ఉంటాయి, ఇంకోపక్క మావాళ్ళిద్దరి కేకలు.

వదినా ఆడబిడ్డలు ఒకరినొకరు ఎంత మాటన్నా మన వైపు ఎవరూ తప్పు పట్టరు. మావాళ్ళు ఆ హక్కును వ్యాపారంలో పెట్టారు. నా భార్య నడుం మీద చెయ్యేసుకుని మొదలెట్టేది:

"ఆడబిడ్డ రొట్టె అడుగంతా మాడు,
తిన్నోడి మూతికి కాటుక చూడు!"

మా చెల్లెలు రొట్టె తిప్పుతూనే, తలెత్తకుండా, కింద పడవవాళ్ళకు చెప్పినట్టు అనేది:

"వదినమ్మ అట్టుకు వంకాయంత చిల్లు,
అందులోంచి చూస్తే అవుపించు మా ఇల్లు!"

పడవలో నవ్వులు. సగం మంది అటు, సగం మంది ఇటు. సాయంత్రమైతే ఇద్దరూ ఒకే రోటి దగ్గర కూర్చుని రుబ్బుకునేవారు. పెసరపిండి ఇవతల ఉంచి, రొట్టెల మినప్పిండి తపేలాకెత్తి, లాకు తలుపుల మీది సన్న చెక్కబాట మీద నడిచి, తెల్లారేసరికి అవతలికి చేర్చడం నా పని. నేను రోజుకు పదిమాట్లు అటూ ఇటూ తిరిగేవాణ్ణి కాబట్టి ఇద్దరివీ వినేవాణ్ణి. నిజం చెప్పాలంటే మా చెల్లెలి మాటే పదును. ఆ మాట నా భార్యే ఒప్పుకునేది.

రేషను బియ్యం వచ్చాక కొత్త ఎత్తిపొడుపు పుట్టింది. ఆ బియ్యంలో రాళ్ళు ఏరడం కాదు, రాళ్ళలో బియ్యం ఏరుకోవాలి. నా భార్య అందుకుంది:

"రొట్టెలో రాళ్ళున్నై రాకండి బాబూ,
పన్నూడిపోతే ఎవరిది జవాబూ?"

అవతల నుంచి వెంటనే:

"రాయెక్కడిదమ్మా, రేషను కోటా!
ఇద్దరి ఇళ్ళకీ ఒకటే మూటా!"

ఇదీ నిజం. అట్లపిండిలో కలిపేదీ రొట్టెల పిండిలో కలిపేదీ ఆ బియ్యమే. మూట ఒకటే, రోలు ఒకటే, తెచ్చేవాణ్ణి నేనే.

పంతులుగారు రోజూ బడికి పోతూ మా బల్ల మీద కూర్చుని రెండట్లు తినేవాడు. చెడ్డవాడు కాదు. పొట్లాల కాగితాల మీద నేను కూడబలుక్కుని చదువు నేర్చుకుంటుంటే ఒత్తులు దిద్దింది ఆయనే. అందుకే నా మంట ఇంకొంచెం ఎక్కువ. నా భార్య కేకేసినప్పుడల్లా పకపకా నవ్వి, "మళ్ళీ అనమ్మా, ఒక్కసారి" అని అడిగేవాడు. అవతలి గట్టుకు ఎన్నడూ పోలేదు. రొట్టె తనకు అరగదనేవాడు.

ఆయనకు ఉయ్యూరు బదిలీ అయింది. వెళ్ళేరోజు ఒక పుస్తకం తెచ్చి నా భార్య చేతిలో పెట్టి, "మీ గట్టు మీదే పుట్టిందమ్మా ఇది" అని చెప్పి బస్సుకు పోయాడు. అట్లమ్మకూ రొట్టెలమ్మకూ పోటీ కథ. మధ్యాహ్నం బేరం తగ్గాక నేను పైకి చదివాను. తన మాటలు అచ్చులో వినపడేసరికి నా భార్య కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. మా చెల్లెలిని కేకేసి పిలిచింది. ఆమె తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. చివరికొచ్చాను. రాళ్ళ మాట ఉంది, ఎవరిది జవాబని ఉంది. దాని కింద పంతులు తన సొంతంగా కలిపింది:

"జవాబు లేకామె తల వంచుకుంది,
కొట్టు తలుపేసేసి తప్పుకుంది."

బొమ్మలో రొట్టెలమ్మ ఎడంచేత్తో అట్లకాడ పట్టుకుని, తల దించుకుని ఉంది. లాకు మీద ఎడంచేత్తో వండేది మా చెల్లెలొక్కతే.

"అన్నయ్యా, నా మాటేదీ?" అంది.

వెనక్కి తిప్పాను. మొదటి నుంచి మళ్ళీ చూశాను. అట్టకు అవతలివైపు కూడా చూశాను. ఒక్క ముక్క లేదు.

"బొమ్మలో నోరు కూడా మూసే పెట్టాడు" అని, తపేలా తీసుకుని వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు బడిపిల్లలందరికీ అది కంఠతా వచ్చేసింది. లాకు దాటుతూ పాడేవాళ్ళు. పడవెక్కే ఆడవాళ్ళు అవతలి గట్టు చూసి, "అదేనంటమ్మా రాళ్ళ రొట్టెల కొట్టు" అనుకునేవాళ్ళు. మొదట్లో పడవవాళ్ళు సరదాకి రొట్టె విరిచి వెలుతురులో పెట్టి చూశారు. తర్వాత సరదా పోయింది, చూడటం మిగిలింది. ఒకడికి నిజంగానే రాయి తగిలింది. ఆ రోజు మా పెసరట్టులోనూ ఒకడికి తగిలింది. వాడు ఉమ్మేసి ఇంకో అట్టు అడిగాడు. అవతలివాడు మాత్రం లాకంతా వినపడేలా అరిచాడు.

నా భార్య ఒక రోజు తట్టుకోలేక గట్టు చివరకెళ్ళి, "అమ్మాయ్! నేనొకటి అంటాను, నువ్వు తిప్పికొట్టు. నలుగురూ వింటారు" అంది.

"వద్దొదినా. ఇప్పుడు నువ్వంటుంటే పరాచికంలా లేదు, పుస్తకం చదివినట్టుంది."

"అయితే నువ్వే అను!"

"అన్నాను నిన్న. పిల్లకాయలేమన్నారో తెలుసా? 'నువ్వు మాట్లాడకూడదు, పుస్తకంలో మాట్లాడవుగా' అన్నారు."

ఆ తర్వాత లాకు మీద నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వదినా ఆడబిడ్డలకు నిజంగానే చెడిందని ఊరు అనుకుంది. అనుకోగా అనుకోగా మా ఇంట్లో కూడా మాటలు తగ్గాయి. రోటి దగ్గర ఇద్దరూ ఎవరి వైపు వాళ్ళు చూస్తూ రుబ్బేవారు. మా చెల్లెలి మొగుడు పడవ మీద కళాసీ, నెలకోసారి వస్తే ఎక్కువ. ఆ కొట్టుంది కాబట్టే మా చెల్లెలు అత్తగారింటి కిందకి పోకుండా తన పొయ్యి తాను వెలిగించుకుని బతికింది. అది కూడా ఆరిపోయింది. మూకుడు మాకిచ్చేసి, చల్లపల్లి దగ్గర అత్తగారి ఊరికి నాట్లకు పోయింది. పడవెక్కుతూ నా భార్య వైపు చూసింది. ఎవరైనా ఒక్క మాటంటారేమోనని నేను చూశాను. ఈలోపు లాకు తలుపులు తీశారు, పడవ సాగిపోయింది.

అచ్చాఫీసుకు వెళ్ళాను. "మీ పేర్లేమన్నా వేశామా?" అన్నాడు మేనేజరు. "ఎడంచెయ్యి వేశారు" అన్నాను. "పిల్లలు నవ్వుకోడానికయ్యా, పో" అన్నాడు. ఒకసారి కలిసి మాట్లాడాలని పంతులుకు నా చేతిరాతతో మూడు కార్డులు రాశాను. ఉలుకూ పలుకూ లేదు. చివరికి బొగ్గుతో నడిచే బస్సెక్కి, చెరుకు బళ్ళ వెనకాల ఉయ్యూరు చేరి, ఆయన అరుగు ముందు నిలబడ్డాను. దారి పొడుగునా కూడగట్టుకున్న తిట్లన్నీ ఉన్నాయి. అయినా మర్యాదగానే అడిగాను.

"మా చెల్లెలి కొట్టు పోయిందండీ. ఇంకో పేజీ వేయించండి. రాళ్ళ మాటకు ఆమె ఇచ్చిన జవాబు కూడా వేయించండి. అది చాలు" అని, రేషను కోటా, ఒకటే మూటా అప్పజెప్పాను.

ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు. మొహంలో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, నాకు తిట్టడానికి వీలయ్యేది.

"ఏమయ్యా, ఆవిడ కూడా బదులు చెప్పేదా? ఆ నీళ్ళ హోరులో నాకు ఒక్కనాడూ వినపళ్ళేదే!"