రద్దీ బస్సు

అది పొరపాటు కాదు. కొట్టేసిన మాటను నేను కావాలనే అందించాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ల కిందట, గోదావరి వరద తగ్గిన తర్వాత, మా నాటక బృందానికి భద్రాచలంలో ఒక ప్రదర్శన వచ్చింది. అందులో నేను ప్రాంప్టర్‌ని. నాలుగేళ్లు చేసి ఈమధ్యే మానేశాను. ప్రాంప్టర్ ప్రేక్షకులకు కనబడకుండా తెర పక్కన నాటకం ప్రతి పట్టుకుని కూర్చోవాలి. నటులు మాట మరిచిపోతే మనసులో మూడు లెక్కపెట్టి, మొదటి రెండు పదాలు మాత్రమే అందించాలి. దర్శకుడు పెన్సిలుతో కొట్టేసింది అసలు అందించకూడదు. నలుగురిలో నోరు విప్పలేని నాకు సరిపోయిన పని.

నాటకం బొగ్గుగనుల ఊరి నుంచి హైదరాబాద్ చేరిన కొత్త జంట గురించి. కిరాయికి ఒక్క గది, అందులో ఆరుగురు. రెండో అంకంలో భర్త, "ఈ పట్నంల నీకేం నచ్చింది?" అని అడుగుతాడు. రద్దీ బస్సు గురించి ఆమె చెప్పే జవాబును ప్రతిలోకి ఎక్కిస్తున్న రోజే నా డైరీలో కూడా రాసుకున్నాను.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం హాలు చూసుకునే పెద్దమనిషి రిహార్సల్ చూశాడు. మా దర్శకుడు వెంకన్న సార్‌తో, "కుటుంబాలొస్తయ్ సార్. ఆ బస్సు ముచ్చట తీసెయ్యున్రి. లేకుంటే తెర దించుత" అన్నాడు. సార్ ఆ జవాబు కొట్టేసి, భార్య ఊరికే నవ్వి లోపలికి వెళ్లాలని మార్చారు.

భార్య వేషం సరోజక్కది. "బస్సు తీసేసిండ్రు, ఇగ నడిచే పోవాల్నా?" అని అందరినీ నవ్వించింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "మంచిగైంది చెల్లే. మా అత్త మొదటిసారి చూడనీకి వస్తున్నది. గా మాట ఇంటే నాకు ఇదే ఆఖరి నాటకం" అంది.

సాయంత్రం ఆ సన్నివేశం వచ్చింది. భర్త అడిగాడు. సరోజక్క నవ్వింది, కానీ కదల్లేదు. మార్పు మరిచి నా వైపు చూసింది. మూడు లెక్కపెట్టాను. "లోపలికి పో" అనాలి. "రద్దీ బస్సు" అన్నాను.

ఆమె ఒక్క క్షణం ఆగి అందుకుంది. "రద్దీ బస్సు. ఇంట్ల ఆరుగురి నడుమ నీ చెయ్యి నాకు దొరకదు. బస్సుల ఎవరూ చూడరు. నీ ఊపిరి నా మెడకు తగులుతది. స్టాపు రావద్దనిపిస్తది."

పెద్దమనిషి లేచి తెర తాడు దగ్గరికి నడిచాడు. నా ఒళ్లోంచి ప్రతి జారిపోయింది. అప్పుడు ముందు వరుసలో ఒకావిడ పగలబడి నవ్వింది. పక్కనున్న ఆడవాళ్లు అందుకున్నారు, వాళ్ల వెనక వరుస అందుకుంది. పెద్దమనిషి తాడు వదిలేసి, తిరిగి వెళ్లి కూర్చున్నాడు. మొదట నవ్వింది సరోజక్క అత్త రాజమ్మ.

నాటకం అయ్యాక సార్, పెన్సిలు గీత కనబడలేదా అని అడిగారు. కనబడలేదన్నాను. సరోజక్క నా వీపు మీద ఒక్కటి చరిచి, "చంపుతుంటివి గదే" అని అక్కడే కూలబడి నవ్వింది.

అందించేది ప్రాంప్టర్, మాట పడేది నటి. ఆ రోజు అంతా బాగా ముగిసింది గనుక నేను చేసింది సరైనదైపోదు. మళ్లీ ఎప్పుడూ అలా చేయలేదు.

రాజమ్మ ఇంటికి వెళ్లబోతూ తెర పక్కకు వచ్చింది. నా కుర్చీని, ప్రతిని చూసి, చుట్టూ ఎవరూ లేరనుకున్నాక, నా చెవి దగ్గర అంది: "గా బస్సు మేం గూడ ఎక్కినం బిడ్డా, మా ఆయన ఉన్నప్పుడు. స్టాపు జల్దీ వచ్చేది."