మేడం తీసేసిన చుక్క

మా మేడం పోయారన్న కబురు సోమవారం పొద్దున కాలేజీ గేటు దగ్గర తెలిసింది. జ్వరమని దవాఖానలో చేరి వారం కూడా కాలేదు. గోదావరిఖనిలో మాదొక చిన్న డిప్లొమా కాలేజీ. ఆమె ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు, నేను ల్యాబ్ చూసుకుంటాను. నన్ను తమ్మీ అని పిలిచేవారు. నాలుగు మంచి మాటలు రాయమని అందరూ అడుగుతున్నారు. రాద్దామని కూర్చుంటే ముందుగా గుర్తొచ్చేది ఆమె తల దించుకుని నిలబడిన ఒక సాయంత్రం. దాన్ని దాటేసి మిగతావి రాస్తే ఆమే ఒప్పుకోరు.

మా పక్క ఊరి వాగు మీద లోలెవల్ వంతెన ఉంది. నీళ్లు రోడ్డెక్కితే ఎర్రలైటు వెలిగే పెట్టె ఒకటి చేసిపెట్టమని ఊరివాళ్లు అడిగారు. స్తంభం, లైటు, సోలార్ పలక నా పని. లోపల నడిచే ప్రోగ్రాం మేడం పని.

పెట్టె లోపల ఉండేది అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, అందులో జాగా తక్కువ. దానికి కావలసిన చిన్న చిన్న పనిముట్లను, అంటే బుల్లి ప్రోగ్రాంలను, ఒకే ప్రోగ్రాంగా కూర్చాలి. ఏవి ఉండాలో ముందే తెర మీద ఎంచుకోవాలి. కావాలంటే పేరు ముందు చుక్క గుర్తు పెడతాం, వద్దంటే తీసేస్తాం. మేడం ఒక్కోదాని వివరం పైకి చదివేవారు. మధ్యమధ్య చేతిరుమాలుతో కీబోర్డు మీది బొగ్గు దుమ్ము తుడిచేవారు.

"ఇంట్ల వాడని సామాను ఎందుకు తమ్మీ" అంటూ చుక్కలు తీసేసేవారు.

జాగా సరిపోయాక కూడా ఆమె ఆగలేదు. ఇంకా చిన్నగా చెయ్యడం ఒక సరదా అయిపోయింది. పెట్టె ఎక్కడైనా పని ఆపి బిగుసుకుపోతే దాన్ని మళ్లీ మొదలుపెట్టించే కాపలా పనిముట్టు ఒకటుంది. దాని చుక్క కూడా తీసేశారు. "మనది ఆగే పెట్టె కాదు" అని నవ్వారు. ప్రోగ్రాం ఎంత చిన్నదైందో క్లాసులో బోర్డు మీద రాసి చూపించారు.

మొదటి వానాకాలం లైటు చక్కగా వెలిగింది. జనం నీళ్లను చూడటం మానేసి లైటును చూడటం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది ఒక ముసురు రోజు పొద్దుగూకే వేళ, వాగు వంతెన మీదుగా పారుతుంటే లైటు వెలగలేదు. ఒక ఆటో డ్రైవరు భార్యను ఎక్కించుకుని వంతెన మీదికి వెళ్లాడు. ఆటో కొట్టుకుపోయింది. కిందున్న తుమ్మచెట్టును పట్టుకుని ఇద్దరూ బతికారు. భార్య చెయ్యి విరిగింది.

పెట్టె ఆ మధ్యాహ్నమే బిగుసుకుపోయి ఉంది. మేడం దాన్ని ల్యాబ్‌కు తెచ్చి, పాత ఎంపికలు తెరిచి, కాపలా పనిముట్టు ముందున్న ఖాళీ గడి వైపు చూశారు. తర్వాత చెప్పులేసుకున్నారు.

"రా తమ్మీ, ఆళ్లింటికి పోదాం."

డ్రైవరు ఇంట్లో మాకు కుర్చీలు వేశారు, చాయ్ ఇచ్చారు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఆయన భార్య మంచం మీద కూర్చుంది. మేడం జరిగింది చెప్పారు.

"ఇంత చదువుకున్నోళ్లు, గట్లెట్ల మర్సిన్రు మేడం?" అని డ్రైవరు భార్య అడిగింది.

"మర్వలే బిడ్డా. తీసేసిన. సైజు ఇంకింత తగ్గాలె అని నేనే తీసేసిన."

డ్రైవరు, "లైటు వెలగలేదని నేనెవ్వరికీ చెప్పలే" అన్నాడు. "చెప్పినా నమ్మరు. తాగి నడిపినవ్ అంటున్నరు. నేను నమాజు తప్పనోణ్ని మేడం. అడ్డ మీద మొహం చూపించలేకపోతున్న."

మేడం లేచి నిలబడ్డారు. అప్పటికప్పుడు ఆటో అడ్డాకు నడిచాం. అక్కడ పదిమంది డ్రైవర్ల మధ్య నిలబడి ఆమె చెప్పారు. "ఆయన తాగలే. లైటు నాది, వెలగలే. తప్పు నాది." ఎవరో వెనక నుంచి, "పంతులమ్మ చేసిన లైటు నమ్ముకుంటే సచ్చుడే" అన్నారు. ఆమె తల దించుకున్నారు కానీ కదల్లేదు. వాళ్లు అనాల్సినవన్నీ అనేదాకా అలాగే నిలబడ్డారు. పక్కన నేను నా చెప్పుల వైపు చూస్తున్నాను. ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది. తప్పు ఆమెది అయినా ఆ లైటు బిగించిన చేతులు నావి.

మేడం ఆ చుక్క పెట్టి, పెట్టెను బాగుచేసి మళ్లీ బిగించారు. ఊరివాళ్లు శాలువా తెస్తే వద్దన్నారు. ఆ సిగ్గు ఆమెను వదల్లేదు. ఎంత ఎండలోనైనా కాలేజీకి నడిచే వచ్చేవారు, ఆటో ఎక్కేవారు కాదు. కొత్త పిల్లలొచ్చిన ప్రతి ఏడాదీ మొదటి క్లాసులో ఇదంతా చెప్పేవారు. "ఏదన్నా తీసేసే ముందు, అది లేని రోజు ఎట్లుంటదో సోంచాయించున్రి" అనేవారు. ఇప్పుడు ల్యాబ్‌లో ఏ చుక్క తీసేయబోయినా నా వేలు ఒక్క క్షణం ఆగుతుంది. ఆమె నాకిచ్చిపోయింది అదే.

ఆమెను సాగనంపిన రోజు సమాధుల తోటలో సన్నగా వాన పడుతోంది. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక అందరం పిడికెడు మట్టి వేశాం. జనం కదిలాక ఆ డ్రైవరు ఒక్కడే ముందుకొచ్చి, టోపీ సర్దుకుని, వంగి మట్టి వేశాడు. బురదమట్టి సగం అరచేతికే అంటుకుంది. దులపలేదు. చెయ్యి వానలోకి చాపాడు. నల్లటి నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారాయి. మట్టంతా పోయాక కూడా ఆ చెయ్యి అలాగే చాచి ఉంది.