దిష్టి బిందువు

డ్రాయింగ్ లోయర్ పరీక్ష పాసైతే డ్రాయింగ్ మాస్టరు కావొచ్చు, తప్పితే ఆళ్లగడ్డలో మా మామ పత్తి మందుల అంగడిలో కూర్చోవాల్సిందేనని మా నాయన తేల్చేశాడు. ఆ అంగడి వాసన తలుచుకుంటే ఇప్పటికీ తిన్నది గొంతులోకొస్తుంది. అందుకే డెబ్బైల చివర్లో ఆదివారాలు బస్సెక్కి నంద్యాల పోయి, రిటైరైన ఒక సారు దగ్గర బొమ్మలు నేర్చుకున్నాను. నా రాత బాగుపడాలంటే ముందు గీత బాగుపడాలి మరి.

సారు ఇంటి ముందు సందే మాకు బొమ్మ. సందు నడుమ మురుగుకాలువ, అందులో పందులు. సారు నోట్లో ఎప్పుడూ వక్కాకు. నా గీత వంకరపోతే రబ్బరు వెతికేవాడు కాదు, బొటనవేలు నాలుకకు అద్దుకుని రుద్దేవాడు. ఆ ఎర్రటి తడి తెల్లకాగితం మీద ఆరేదాకా నేను పందుల వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఒకరోజు, "ముందు దిష్టి బిందువు పెట్టుకోరా. గీతలన్నీ ఆడికే పోవల్ల" అని చెప్పి లోపలికి పోయాడు.

దృష్టి బిందువని, అంటే దూరం పోయేకొద్దీ గీతలన్నీ కలిసినట్టు కనపడే చోటని, ఆయన ఉద్దేశం. మా నోళ్లలో దృష్టయినా దిష్టే. మా అమ్మ చెల్లెలికి పెట్టే దిష్టిచుక్క నాకు తెలుసు: బుగ్గ మీద, అందరికీ కనపడేంత లావు. బొమ్మలో మొదటి మిద్దె గోడే బుగ్గ అనుకుని శనగగింజంత చుక్క నల్లగా దిద్దాను. గీతలన్నీ అక్కడికే లాగేసరికి, సందు మొత్తం గోడ పట్టుకుని కక్కుతున్నట్టు తయారైంది.

సారు వచ్చి చూశాడు. "ఏందిరా ఈ పుండు?"

"దిష్టిచుక్క సార్. బొమ్మకు."

"నీ బొమ్మకు దిష్టి యాడ తగుల్తాదప్పా! చూసినోళ్లకు తగలకుంటే చాలు. కంటికి సూటిగా, సందు కొసన పెట్టల్ల" అంటూ బొటనవేలు నాలుక దాకా తెచ్చాడు.

"వద్దు సార్, ఇంకోటి గీస్తా!" అని షీటు లాక్కున్నాను.

ఈసారి ఆవగింజంత చుక్క. కాలువ గట్లు రెండూ దగ్గరవుతూ పోయి దాంట్లో కలిశాయి. మొదటిసారి నా కాగితంలో దూరం కనిపించింది. ఏం లాభం, దూరమంతా మురుగే.

పరీక్ష పాసయ్యాను. ఆ ఏడు మాస్టర్లనే తీసుకోలేదు. నాయన నన్ను అంగడికి తీసుకుపోయాడు. మామ నా ముందు రేకు బోర్డు పెట్టి, "పత్తిపురుగు బొమ్మ వెయ్యి అల్లుడా. ఒంటి మీద పాకుతాన్నట్ల ఉండల్ల" అన్నాడు.

ముక్కుకు తుండుగుడ్డ కట్టుకుని వేశాను. దరిద్రం, బ్రహ్మాండంగా కుదిరింది. రైతులు దాన్ని చూసి, మొహం చిట్లించుకుని, మందు కొనుక్కుని పోయేవాళ్లు. మామ నన్నింక వదల్లేదు.