మూడంగలు జరిగిన మూల చెట్టు

మా మావయ్య పార్కులో తోటమాలి. ముప్ఫై ఎనిమిదేళ్లు అక్కడే చేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. ఆ సంగతి ఆయన బుర్రకింకా ఎక్కలేదు. పొద్దున్నే వెళ్లి, కొత్త మాలి తడిపిన మొక్కలనే మళ్లీ తడిపి, చీవాట్లు తిని వస్తాడు.

ఆ పార్కు ఒకప్పుడు ఇటుక బట్టీవాళ్లు మట్టి తవ్వుకుని వదిలేసిన పెద్ద గొయ్యి. దాన్ని పూడ్చి మొక్కలు నాటే రోజుల్లో మావయ్య కూలీగా చేరాడు. అది పచ్చబడ్డాక చుట్టూ స్థలాలకు గిరాకీ పుట్టి, చూస్తుండగానే ఇళ్లు లేచాయి. గోడ కట్టే తీరిక మాత్రం ఎవరికీ దొరకలేదు. నాలుగు మూలల్లోని నాలుగు చెట్లే హద్దు. ఒక మూల చెట్టును ఆనుకుని మా ముందుగది ఉంది. అమ్మ కుట్టుమిషను అక్కడే, మా బతుకూ అక్కడే.

మొన్నామధ్య గోడ కడతామంటూ సర్వేయరు దిగాడు. పాత ప్లానులో మూల చెట్టే హద్దని ఉంది.

"ఈ చెట్టు మొదట్నించీ ఇక్కడే ఉందాండీ?" అని మావయ్యను అడిగాడు.

మావయ్యకు ముచ్చెమటలు పోశాయి. ఆయనకో పద్ధతి ఉంది. వేరు కుళ్లి చచ్చిన చెట్టు గోతిలో ఇంకో మొక్క పెట్టడు, మూడంగలు పక్కకు జరిపి పెడతాడు. మా ముందుగది కట్టకముందు ఈ మూల చెట్టు కూడా ఒకసారి చచ్చింది. హద్దు చెట్టన్న ఆలోచన లేకుండా మహానుభావుడు దాన్నీ జరిపాడు. బయటికి జరిపి ఉంటే మాకే ఢోకా లేదు. పార్కు లోపలికి జరిపి ఉంటే మా ముందుగది సగం పార్కుదే. కుళ్లిన వేళ్లు ఆనాడే తవ్వి తగలబెట్టాడు కాబట్టి ఆనవాలు లేదు.

"గుర్తు లేదండీ" అన్నాడు.

సర్వేయరు రెండు రోజులు గడువిచ్చాడు. ఆ రెండు రోజులూ మావయ్య చెట్టు నుంచి ఇటు మూడంగలు, అటు మూడంగలు వేస్తూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"బయటికే జరిపానని చెప్పేయరాదూ మావయ్యా! ఎవరు చూడొచ్చారు?"

"ఏది అబద్ధమో తెలిస్తే నీకోసం ఆడేవాణ్ణే. అదే తెలిసి చావట్లేదు."

ఆయన తిండి మానేశాడు. అమ్మ మిషను తొక్కుతూ అంతా గమనిస్తూనే ఉంది.

మూడోనాడు సర్వేయరు రాగానే అమ్మ మెడలో టేపుతోనే బయటికొచ్చింది.

"లోపలికే జరిపాడు బాబూ. గదికి చోటు కావాలని నేనే జరపమన్నాను. రాసుకోండి."

సర్వేయరు మా సగం గది పార్కుదని రాసుకుని వెళ్లిపోయాడు. అమ్మ నిజంగా ఆనాడు అడిగిందా? తమ్ముడి అవస్థ చూడలేక ఇప్పుడు అల్లిందా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

"నిజంగా నువ్వే చెప్పావా అక్కా?" అన్నాడు మావయ్య.

"చెప్పకపోతే నీ అంతట నువ్వు జరుపుతావురా? మిషను ఆ చివర పట్టుకో."

ఆయన పట్టుకోబోయి, ఎత్తలేక, గుమ్మంలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మ పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"గుర్తు లేకపోతే ఏడవడం దేనికిరా? నాకు గుర్తుందిగా" అంది. నా వైపు మాత్రం చూడలేదు.